వాస్తుశిల్పి కల్పించిన ఆసనములు: గోల్కొండ్, చండీగఢ్ గృహోపకరణముల చరిత్ర

కుర్చీ అను మాట అరబీ భాషలో పుట్టి ఉర్దూ ద్వారమున తెలుగునకు వచ్చినది. అలమార పోర్చుగీసువారి వెంట వచ్చినది. పీట, మంచము, ఉయ్యాల, గద్దె అనునవి వీనికంటె ముందే మన యిండ్లలో నుండెను. ఈ పదముల రాకను గమనించినచో నొక సంగతి స్ఫురించును. పల్లెలోని సామాన్య గృహస్థునకు కుర్చీ మొదట కనబడినది తన యింట గాదు, కచేరిలో. దానిపై కూర్చుండువాడు అధికారి. దాని యెదుట నిలుచుండువాడు అర్జీదారు. నేటికిని తెలుగున కుర్చీ యనగా పదవి యను నర్థము వాడుకలో నున్నది. కుర్చీ కొఱకు కొట్లాడుట, కుర్చీనుండి దింపుట అను పలుకుబళ్లు ఇందుకు సాక్ష్యములు. వస్తువు చరిత్రలో సంఘ చరిత్ర యిమిడి యుండుననుటకు ఇంతకంటె వేఱు నిదర్శన మక్కరలేదు.

ఇరువదవ శతాబ్దమున ఈ కుర్చీని వాస్తుశిల్పులు ప్రత్యేక శ్రద్ధతో తమ చేతికి తీసికొనిరి. భవనమును గీయుట శిల్పి పని, అందలి సామగ్రిని సమకూర్చుకొనుట గృహస్థుని పని, దానిని చేయుట వడ్రంగి పని యను పాత విభాగము వారికి నచ్చలేదు. గోడ యెట్లుండవలెనో చెప్పినవాడే ఆ గోడ ప్రక్క మనుష్యు డెట్లు కూర్చుండవలెనో కూడ చెప్పవలెనని వారు తలచిరి. ఈ వ్యాసమున అట్టి ప్రయత్నములలో భారతదేశమున జరిగిన రెండింటిని మేము పరిశీలింపదలచితిమి. ఒకటి పుదుచ్చేరిలోని గోల్కొండ్ వసతిగృహము. రెండవది చండీగఢ్ నగరము. మొదటిదానికి హైదరాబాదుతో ధనసంబంధమును నామసంబంధమును కలవు. రెండవదానికి ఆంధ్రరాష్ట్ర చరిత్రతో కాలసామ్యము కలదు.

రెండుచోట్లను విదేశీయ శిల్పులు టేకు కొయ్యతో, ఇచ్చటి పనివారిచేత ఆసనములను చేయించిరి. అయితే వాని గతి యొక్కటి కాలేదు. ఒకచోటి సామగ్రి పెట్టినచోటనే యుండి, నేటికిని వాడుకలో నున్నది. రెండవచోటి సామగ్రిలో పెద్దభాగము తుక్కుగా అమ్ముడై, సముద్రములు దాటి, ధనవంతుల మందిరములకు చేరినది. ఈ భేదమునకు కారణమేమి యనునదే మా ప్రశ్న. ఏ ఆసనమునకైనను మూడు చేతులు కావలెను: గీసిన చేయి, చెక్కిన చేయి, కాచిన చేయి. చరిత్రకారులు మొదటిదానిని మాత్రమే పేర్కొనుట పరిపాటి. మిగిలిన రెండును లెక్కలోనికి రానిదే పై ప్రశ్నకు సమాధానము దొరకదని మా యభిప్రాయము.

1. ఐరోపాలో పూర్వరంగము

మన దేశమునకు వచ్చుటకు ముందు ఈ యుద్యమము ఐరోపాలో ఎట్లు మొదలైనదో సంగ్రహముగా చూతము. హాలండు దేశస్థుడైన గెరిట్ రీట్‌వెల్ట్ వడ్రంగి కుమారుడు; తానును వడ్రంగియే. తరువాత వాస్తుశిల్పి యయ్యెను. ఆయన 1918 ప్రాంతమున కొన్ని కొయ్యకడ్డీలను, రెండు పలకలను చేర్చి యొక కుర్చీని నిర్మించెను. చెక్కడము లేదు, మెత్త లేదు, వంపు లేదు. కొన్నేండ్ల తరువాత దానికి ఎఱుపు, నీలము, పసుపు రంగులు వేసెను. ఏ కడ్డీ ఎచ్చట ముగియునో, ఏది దేనిని మోయుచున్నదో చూచినవారికి తెలియవలెనన్నదే ఆయన యుద్దేశము.

1925లో జర్మనీలోని బౌహౌస్ విద్యాలయమునందు మార్సెల్ బ్రాయర్ ఉక్కు గొట్టమును వంచి కుర్చీ చేసెను. సైకిలు చేతిపిడి యాతనికి ఈ యాలోచనను కలిగించినది. కర్మాగారములో వేలకొలదిగా తయారు కాగల వస్తువే కాలోచితమైనదని ఆ విద్యాలయము వారు నమ్మిరి. 1928లో పారిస్ నగరమున ల కొర్బూజియె కార్యాలయములో ఆయనయు, ఆయన బంధువైన పియెర్ జానెరెయు, షార్లొట్ పెరియాన్ అను యువతియు కలిసి ఉక్కు గొట్టముల ఆసనములను రూపొందించిరి. మరుసటి యేడు వానిని ప్రదర్శించినపుడు వారు గృహాలంకరణము అను మాటను విడిచి, గృహపరికరము అను నర్థమిచ్చు మాటను గ్రహించిరి. ఇల్లు యంత్రమైనచో కుర్చీ ఆ యంత్రములోని పనిముట్టు అని వారి సిద్ధాంతము.

ఫిన్లండు శిల్పి అల్వర్ ఆల్టో మఱియొక త్రోవ పట్టెను. పైమియో అను ఊర క్షయరోగుల వైద్యశాలను కట్టుచు, 1932 ప్రాంతమున ఆయన పలుచని చెక్కపొరలను అతికించి వంచి రోగుల కొఱకు కుర్చీ చేసెను. ఉక్కు శరీరమునకు చల్లగా తగులును. కొయ్య యట్లు కాదు. వీపు వాలు రోగి సుఖముగా ఊపిరి తీయుటకు అనుకూలముగా నుండవలెనని ఆయన చూచెను. ఇచ్చట కుర్చీ చికిత్సలో భాగమైనది.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినవి రెండు. మొదటిది, శిల్పి చేసిన ఆసనము భవనముయొక్క ఉద్దేశమును మనుష్యుని శరీరము వఱకు కొనసాగించును. రెండవది, దానిని యంత్రము చేయునని శిల్పులు ఆశించిరి. భారతదేశమున మొదటి సూత్రము నిలిచినది, రెండవది నిలువలేదు. ఇచ్చట యంత్రమునకు మాఱుగా ఉలి, బాడిస, చిత్రిక పనిచేసినవి. జపానులోను ఇట్లే జరిగినది. 1940లో ఆ దేశమునకు పోయిన పెరియాన్, ఉక్కుతో చేసిన తమ వాలుకుర్చీనే వెదురుతో చేయించినది. ఆసియాకు వచ్చిన ఆధునికత చేతిపనికి తల యొగ్గక తప్పలేదు.

2. హైదరాబాదు ధనము, పుదుచ్చేరి గృహము

గోల్కొండ యను పేరు ఐరోపా భాషలలో చిరకాలము ఐశ్వర్యమునకు పర్యాయపదముగా చెల్లినది. కృష్ణాతీరమున కొల్లూరు మొదలగు గనులలో దొరకిన వజ్రములు గోల్కొండ విపణికి చేరుటయే దీనికి కారణము. ఫ్రెంచివారు ఆ పేరును గోల్కొండ్ అని పలుకుదురు. ఈ పేరే పుదుచ్చేరిలోని శ్రీ అరవిందాశ్రమమునకు చెందిన ఒక వసతిగృహమునకు వచ్చినది. నిజాము ప్రభుత్వమున ప్రధానామాత్య పదవి నలంకరించిన సర్ అక్బర్ హైదరీ, ఆ గృహనిర్మాణమునకు హైదరాబాదు ప్రభుత్వమునుండి లక్ష రూపాయల విరాళమును సమకూర్చెను. ఆ యుపకారమునకు గుర్తుగా ఆశ్రమ మాత ఈ నామకరణము చేసినది. ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనమునకు పాటుపడిన హైదరీయే ఇందునకును తోడ్పడుట మనకు గమనింపదగిన విషయము. ఐశ్వర్యమునకు మాఱుపేరైన పదము సాధకుల నిరాడంబర నివాసమునకు చెల్లుట ఒక చిత్రమైన పరిణామము.

అప్పటికి పుదుచ్చేరి ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. భవనమును రూపొందించినవాడు ఆంటొనిన్ రేమండ్. ఆయన 1888లో బొహీమియాలో జన్మించి, అమెరికాకు పోయి, అచ్చటినుండి ఫ్రాంక్ లాయిడ్ రైట్ వెంట 1919లో జపానునకు వచ్చి, టోక్యోలో స్వతంత్రముగా వృత్తి సాగించెను. ఆయన కార్యాలయములో పనిచేయుచుండిన ఇరువురు యువశిల్పులు, ఫ్రాంతిషెక్ సామర్, జార్జ్ నకషిమ యనువారు, పుదుచ్చేరిలో నిలిచి పనిని నడపిరి. నిర్మాణము 1937లో మొదలై, చాల వఱకు 1942 నాటికి పూర్తియైనది. భారతదేశమున సిమెంటు కాంక్రీటుతో వెలసిన తొలి ఆధునిక భవనములలో ఇది ముఖ్యమైనది.

ఈ గృహమునకు గాజు కిటికీలు లేవు. ఉత్తర దక్షిణ ముఖములు రెండును అడ్డముగా అమర్చిన కదలు పలకలతో నిండియున్నవి. వానిని త్రిప్పి గాలిని, వెలుతురును, వానను కావలసినంత మేర లోనికి రానిచ్చుటయో ఆపుటయో చేయవచ్చును. గదికిని నడవకును నడుమ టేకు కొయ్య జారుతలుపులున్నవి. వాని పలకలు ఒకదాని వెనుక నొకటిగా అమర్చబడినందున చూపు ఆగును, గాలి ఆగదు. నేలకు కడప రాయి పఱచిరి. గోడల పూతలో ముత్యపుచిప్పల సున్నము వాడిరి. తెలుగునాటి రాయి, హైదరాబాదు ధనము, జపానునుండి వచ్చిన నేర్పు, తమిళదేశపు శ్రమ ఒకచోట కూడిన గృహ మిది.

అందలి గృహోపకరణములను రూపొందించినవాడు నకషిమ. మంచము, బల్ల, కుర్చీ, బట్టల బీరువా మొదలగు కొలది వస్తువులు మాత్రమే గదిలో నుండును. అన్నియు టేకు. అలంకారము లేదు, కొయ్య చారలే అలంకారము. గది విస్తీర్ణము చిన్నది. కావున ప్రతి వస్తువునకును స్థానము ముందుగానే నిర్ణయింపబడినది. తలుపు జారినపుడు మంచమున కడ్డురాదు. పలకలనుండి వచ్చు గాలి పడుకొనినవానికి తగులును. గోడను గీసిన బుద్ధియే మంచమును గీసినదని ఆ గది చూచినవారికి విశదమగును. తలుపుల పిడులు, బందులు మొదలగు ఇత్తడి సామగ్రి ఆశ్రమ కార్యశాలలోనే తయారైనది. కూలికి వచ్చిన పనివారితో పాటు ఆశ్రమవాసులును పనిచేసిరి.

ఇచ్చట కాచిన చేయిని గూర్చి కొంత చెప్పవలెను. జడవస్తువునందును చైతన్య మంతర్హితమై యున్నదనియు, వస్తువును అజాగ్రత్తగా వాడుట ఆధ్యాత్మిక లోపమే యనియు ఆ యాశ్రమమున బోధింతురు. ఈ సిద్ధాంతముతో ఏకీభవించుట, ఏకీభవింపకపోవుట చదువరుల ఇష్టము. కాని దాని ఫలము చరిత్రకారునకు ప్రత్యక్షము. గోల్కొండ్ కట్టినప్పటి ప్రయోజనమునకే నేటికిని ఉపయోగపడుచున్నది. దానిలో నివసించువారు కొన్ని నియమములకు లోబడి, గదిని గదిలోని వస్తువులను సంరక్షింతురు. ఎనుబదియేండ్లకు పైబడిన సామగ్రి ప్రదర్శనశాలకు పోక, వేలమునకు పోక, ఎవరికొఱకు చేయబడినదో వారి వాడుకలోనే యున్నది.

3. శిల్పి వడ్రంగి యగుట

నకషిమ తరువాతి జీవితము మా వాదమునకు బలము చేకూర్చును. ఆయన 1905లో అమెరికాలోని స్పొకేన్ పట్టణమున జపానీయ కుటుంబమున జన్మించెను. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున వాస్తువిద్య నభ్యసించెను. గోల్కొండ్ పనికి వచ్చి, జీతము వలదని, ఆశ్రమవాసి యయ్యెను. శ్రీ అరవిందులు ఆయనకు సుందరానందుడని పేరిడిరి. 1939లో ఆయన పుదుచ్చేరిని విడిచెను.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా ప్రభుత్వము జపాను సంతతివారిని నిర్బంధ శిబిరములలో నుంచినది. 1942లో నకషిమయు, ఆయన భార్యయు, పసిబిడ్డయు ఐడహో రాష్ట్రములోని మినిడోకా శిబిరమునకు పంపబడిరి. అచ్చట గెంతారో హికొగావ అను వడ్రంగి, జపాను సంప్రదాయపు కొయ్యపని తెలిసినవాడు, ఆయనకు పరిచితుడయ్యెను. విశ్వవిద్యాలయ పట్టము గల శిల్పి, శిబిరములోని వడ్రంగికి శిష్యుడయ్యెను. చేతి రంపమును పదును పెట్టుటయు, కొయ్య చార ననుసరించి చిత్రిక పట్టుటయు, మేకు లేకుండ అతుకు దింపుటయు అచ్చట నేర్చెను. 1943లో రేమండ్ పూచీపడగా విడుదలై, పెన్సిల్వేనియాలోని న్యూహోప్‌లో స్థిరపడి, శేషజీవితమును కొయ్యపనిలోనే గడపెను. చెట్టు అంచును చెక్కివేయక ఉన్నదున్నట్లు నిలిపిన ఆయన బల్లలు ప్రపంచ ప్రసిద్ధములైనవి. 1964లో ఆయన అహమదాబాదులోని జాతీయ రూపకల్పన విద్యాసంస్థకు వచ్చి, అచ్చటి పనివారితో కొన్ని ఆసనములను చేయించెను. 1990లో కీర్తిశేషుడయ్యెను.

గీసిన చేయియు చెక్కిన చేయియు ఒక్కరియందే కలియుట నకషిమ విశేషము. తనకు పని నేర్పిన వడ్రంగి పేరును లోకమునకు చెప్పుట ఆయన సౌజన్యము. ఆయన చెప్పకపోయినచో హికొగావ యను పేరు మనకు దక్కి యుండెడిది కాదు. చండీగఢ్‌లో అట్లు జరుగలేదు.

4. రాజధాని లేని రెండు రాష్ట్రములు

1947 దేశవిభజనమున లాహోరు పాకిస్తానునకు పోగా, తూర్పు పంజాబు రాజధాని లేని రాష్ట్రమైనది. హిమాలయ పాదములవద్ద క్రొత్త నగరము కట్టుటకు నిశ్చయించిరి. మొదట ఆల్బర్ట్ మేయర్, మాథ్యూ నొవిట్స్కీ యనువారు ప్రణాళిక గీసిరి. 1950లో నొవిట్స్కీ విమానప్రమాదమున మరణించినందున, ఆ యేటి చివర ల కొర్బూజియె, పియెర్ జానెరె, మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ అను నలువురితో ఒడంబడిక జరిగినది. 1953 అక్టోబరు 7వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చండీగఢ్‌ను ప్రారంభించిరి.

దానికి సరిగా ఆఱు దినములు ముందు, 1953 అక్టోబరు 1వ తేదీన, ఆంధ్రరాష్ట్రము అవతరించినది. పంజాబునకు లాహోరు వలె మనకు మదరాసు చేజాఱినది. కర్నూలులో గుడారములు వేసి కార్యాలయములను నడపిరి. మూడేండ్లకు, 1956లో, హైదరాబాదు రాజధాని కాగా కట్టిన భవనములు లభించినవి. కావున క్రొత్త రాజ్యమునకు క్రొత్త కుర్చీ యెట్లుండవలెనను ప్రశ్న మనకు తలయెత్తలేదు. పంజాబునకు తలయెత్తినది. ఉన్నత న్యాయస్థానము, సచివాలయము, శాసనసభ, విశ్వవిద్యాలయము, గ్రంథాలయములు, విద్యార్థి వసతులు, ఉద్యోగుల యిండ్లు అన్నియు ఒక్కమాఱుగా లేచుచుండ, వానిలో వేయుటకు సామగ్రి వేలకొలదిగా కావలసివచ్చెను.

ఈ భారమును ప్రధానముగా వహించినవాడు జానెరె. ఆయన 1896లో జెనీవాలో జన్మించెను. ల కొర్బూజియె పారిస్‌లో నుండి అప్పుడప్పుడు వచ్చి పోవుచుండగా, జానెరె 1951నుండి 1965 వఱకు చండీగఢ్‌లోనే కాపురముండి ప్రధాన శిల్పిగా పనిచేసెను. పారిస్‌లో ఉక్కు గొట్టములు వంచిన ఆయనయే ఇచ్చట ఉక్కును దాదాపు విడిచి, టేకును, శీషమ్ కొయ్యను, పేము అల్లికను గ్రహించెను. కారణములు స్పష్టములు. ఆనాడు ఉక్కు ప్రియము, కొయ్యపనివారు సులభులు. టేకు చెదలకును తేమకును లొంగదు. పేము అల్లిక వీపునకు గాలి తగులనిచ్చును. తెగినచో తిరిగి అల్లవచ్చును. తన యింటి కొఱకు ఆయన వెదురు, త్రాడు, ఇనుపకడ్డీలతో కూడ ఆసనములు చేసికొనెను.

ఆ కుర్చీలలో పెక్కింటికి కాళ్లు ప్రక్కనుండి చూచిన తలక్రిందులైన వి అను ఆంగ్లాక్షరము వలె నుండును. దిట్టమైన రెండు కొయ్యలు పైన కలిసి, క్రింద ఎడముగా నిలుచును. ఈ రూపము బలమైనది, గీయుటకు సులువు, చేయుటకు సులువు. కుర్చీకి, బల్లకు, బెంచీకి అదే కాలు ఎత్తు మార్చి వాడవచ్చును. కావున వేఱువేఱు కార్యశాలలలోని వడ్రంగులు ఒకే పటమును చూచి పని చేయగలిగిరి. కర్మాగారము చేయవలసిన పనిని ఒక చక్కని రూపసూత్రము చేసినదని చెప్పవచ్చును.

చండీగఢ్‌లో ఉద్యోగుల యిండ్లు హోదాను బట్టి 13 తరగతులుగా విభజింపబడెను. ముఖ్యమంత్రి మొదటి తరగతి. బంట్రోతు చివరి తరగతి. ఆసనములందును పెద్ద చిన్న తేడాలు లేకపోలేదు. న్యాయమూర్తి కుర్చీ విశాలము, గుమాస్తా కుర్చీ సాదా. అయినను కొయ్య యొకటే, పనితనపు తీరు ఒకటే. కచేరీలో కుర్చీ యనగా అధికారి సొత్తను భావన వేళ్లూనియున్న దేశమున, గుమాస్తాకును, విద్యార్థికిని, గ్రంథాలయ పాఠకునకును శిల్పి స్వయముగా ఆసనము గీయుట చిన్న విషయము గాదు. దీనిని మేము ఆ నగర చరిత్రలో ముఖ్యఘట్టముగా భావించుచున్నాము.

5. చెక్కిన చేయి

నేడు ప్రపంచపు వేలశాలలలో ఈ వస్తువులు జానెరె పేరిట చెల్లుచున్నవి. ఇది అర్ధసత్యము. ఆయన క్రింద పనిచేసిన భారతీయ శిల్పుల బృందమొకటి కలదు. వారిలో యూలీ చౌధురి ముఖ్యురాలు. 1923లో జన్మించి, ఆస్ట్రేలియాలో వాస్తువిద్య నభ్యసించి, 1951లో చండీగఢ్ పనిలో చేరిన ఆమె, ఉపకరణముల రూపకల్పనయందు జానెరెకు తోడ్పడినది. పిమ్మట ప్రధాన శిల్పి పదవిని కూడ నిర్వహించినది. పారిస్‌లో పెరియాన్ పాలు చిరకాలము ల కొర్బూజియె పేరుచాటున మఱుగుపడినట్లే, ఇచ్చట చౌధురి పాలు జానెరె పేరుచాటున మఱుగుపడినది. ఇరువురును స్త్రీలే యగుట కేవలము యాదృచ్ఛికము కాదని మేము తలచెదము.

వడ్రంగుల సంగతి ఇంకను కష్టము. పటములు ఒకటే యైనను ఏ రెండు కుర్చీలును అచ్చముగా ఒకటి కావు. కొయ్య మందము కొంచెము మాఱును. చేతిపట్టు వంపు కొంచెము మాఱును. అతుకు దింపిన తీరు మాఱును. ఈ భేదములే చెక్కినవారి సంతకములు. కాని ఆ సంతకములను చదువగలవారు లేరు. వాని మీద చదువుటకు వీలైన వ్రాత ఒక్కటే: కార్యాలయమువారు వేసిన లెక్క గుర్తు. ఏ శాఖ, ఏ గ్రంథాలయము, ఎన్నవ సంఖ్య అను అక్షరములు తెల్లరంగుతో కుర్చీ వెనుక వ్రాయబడియుండును. దొంగతనము జరుగకుండ వేసిన ఆ గుర్తులే తరువాత ఖరీదు పెంచు ప్రమాణపత్రములైనవి.

6. తుక్కునుండి వేలశాలకు

జానెరె 1965లో అనారోగ్యముచే స్వదేశమునకు పోయి, 1967లో మరణించెను. ఆయన కోరిక ప్రకారము చితాభస్మమును చండీగఢ్‌లోని సుఖ్నా సరస్సులో కలిపిరి. ఆయన ఆసనములు మాత్రము ఆ నగరమున అంతటి యాదరమును పొందలేదు. పేము తెగినది, కాలు వదులైనది, ఉక్కు కుర్చీలు, ప్లాస్టిక్ కుర్చీలు చౌకగా వచ్చినవి. పాతవానిని మేడలపైనను పెరడులలోను గుట్టలుగా పోసిరి. ప్రభుత్వ లెక్కల పద్ధతి ననుసరించి, పనికిరానివని తీర్మానించి వేలము వేసిరి. 1990ల చివరినుండి పారిస్ వర్తకులు వచ్చి, ఈ వేలములలో వానిని గుత్తగా కొనిరి. బాగుచేసి, మెఱుగుపెట్టి, క్రొత్త పేము అల్లించి, ఐరోపా, అమెరికాలలో అమ్మిరి. ఒక్కొక్క కుర్చీ లక్షల రూపాయలు పలికినది.

2013లో ఏమీ సీగెల్ అను అమెరికా కళాకారిణి ఈ కథను చలనచిత్రముగా తీసినది. ప్రొవెనెన్స్ అను ఆ చిత్రము కథను వెనుకనుండి ముందునకు నడపును. ధనికుల యిండ్లలోని కుర్చీలతో మొదలై, వేలశాల, మరమ్మతుశాల, ఓడ మీదుగా, చివరకు చండీగఢ్ కార్యాలయములలో విరిగిన కుర్చీల గుట్టలకు చేరును.

ఇందు వర్తకులను మాత్రమే నిందించుట న్యాయము గాదు. వారు బహిరంగముగా వేలము పాడి కొనిరి. తాము కొనకున్నచో అవి వంటచెఱకై యుండెడివని వారు చెప్పుమాటలో కొంత నిజమున్నది. చట్టమును వారి పక్షముననే యుండెను. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టము సాధారణముగా నూఱేండ్లు నిండిన వస్తువునే పురావస్తువుగా గుర్తించును. 1955లో చేసిన కుర్చీ 2055 వఱకు ఆ రక్షణమునకు పాత్రము గాదు. 2011లో కేంద్ర గృహమంత్రిత్వశాఖ చండీగఢ్ వారసత్వ సామగ్రిని అమ్మరాదని, ఎగుమతి చేయరాదని ఉత్తరువు చేసినది. ప్రభుత్వ భవనములలో మిగిలిన 12,793 వస్తువులను లెక్కించి జాబితా వ్రాసిరి. 2016లో చండీగఢ్ శాసన సముదాయము యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టిక నెక్కినది. 2017లో జానెరె నివసించిన యిల్లు ప్రదర్శనశాల యైనది. కాపాడు చేయి వచ్చినది గాని, ఆలస్యముగా వచ్చినది.

7. ఉపసంహారము

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. గోల్కొండ్ సామగ్రి నిలుచుటకు, చండీగఢ్ సామగ్రి చెదరుటకు కారణమేమి? రూపములోని హెచ్చుతగ్గులు కారణము గావు. కొయ్య మన్నికయు కారణము గాదు, రెండుచోట్లను టేకే. గోల్కొండ్ ఒక్క గృహము, చండీగఢ్ ఒక నగరము. ఈ పరిమాణభేదమును త్రోసివేయరాదు. కాని అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. గోల్కొండ్‌లో వాడువారే కాపాడువారు. చండీగఢ్‌లో వాడువాడు బదిలీయై పోవు ఉద్యోగి. కాపాడవలసినది ఒక లెక్కపుస్తకము. ఆ పుస్తకమున వస్తువుయొక్క వయస్సు నష్టముగా వ్రాయబడును గాని విలువగా వ్రాయబడదు. ఏటేట తఱుగుదల వేయుచు, కడపటికి సున్నకు దించి, సున్న విలువగల వస్తువును పాఱవేయుట ఆ పద్ధతికి సహజము. పారిస్ వర్తకుడు ఆ సున్న ప్రక్కన శిల్పి పేరు వ్రాసెను. విలువ తిరిగి లేచినది. కాని చెక్కినవాని పేరు ఆ రెండు లెక్కలలోను లేదు.

ఈ విషయము తెలుగు శాఖకేల యని యెవరైనను అడుగవచ్చును. భాషాశాస్త్రజ్ఞుడైన భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వ్యవసాయ పదములతో మాండలిక వృత్తిపదకోశము తొలి సంపుటమును ప్రకటించినది. నాగలికిని కాడికిని గల పేర్లు జిల్లాజిల్లాకు ఎట్లు మాఱునో దానివలన లోకమునకు తెలిసినది. వస్తువు పేరు వ్రాసికొనినవారే వస్తువును కాపాడుటకు మొదటి యడుగు వేసినవారు. మన విశ్వవిద్యాలయములలో, జిల్లా కచేరులలో, పాత గ్రంథాలయములలో బల్లలు, కుర్చీలు, అలమారలు ఇంకను కలవు. వానిని ఎవరు గీసిరో, ఏ ఊరి వడ్రంగులు చేసిరో, ఏ కొయ్య యెచ్చటనుండి వచ్చినదో చెప్పగల వృద్ధ శిల్పకారులు నేడు కొలదిమందియే. కర్నూలు రాజధానిగా నున్న మూడేండ్లలో గుడారములలోని ఉద్యోగులు దేనిపై కూర్చుండి రాష్ట్రము నడపిరో విచారించుట కూడ పరిశోధనమే.

పరిశోధక విద్యార్థులు ఈ పనికి పూనుకొనవలెనని మా కోరిక. తమ శాఖలోని పాత కుర్చీకి వెనుక వ్రాసిన సంఖ్యతో ప్రారంభింపవచ్చును. ఆ సంఖ్యకు లెక్కపుస్తకములో ఒక పంక్తి యుండును. ఆ పంక్తి వెంట పోయినచో నొక కొనుగోలు చీటి, దాని వెంట నొక గుత్తదారు, వాని వెంట నొక కార్యశాల, అందు నొక వడ్రంగి కుటుంబము కనబడవచ్చును. చండీగఢ్‌లో ఈ విచారణ వస్తువులు వెళ్లిపోయిన తరువాత మొదలైనది. మనము అవి ఉండగానే మొదలిడుట మంచిది.